తీగే చెప్పే పాఠం: సర్ఫ్ గిటారును సొంతంగా నేర్చుకోవడం

"గురువు లేని విద్య గుడ్డి విద్య" అంటారు మన పెద్దలు. ఆ మాటలో నిజం ఉంది. కాని ఒక సంగతి ఆలోచించండి. మీ ఊళ్ళో గిటారు నేర్పేవారెవరూ లేరు. మా ఇబ్రహీంపట్నం వంటి చోటు నుంచి రోజూ హైదరాబాదు వెళ్ళి నేర్చుకోవాలంటే బస్సు చార్జీలూ, ఫీజూ అందరి ఇళ్ళలోనూ భరించలేరు. బంధువులెవరో వాడి పక్కన పెట్టిన పాత గిటారు మాత్రం మీ చేతికి వచ్చింది. దాన్ని గోడకు తగిలించి ఊరుకోవాలా?

గురువు లేని విద్యను గుడ్డిదని ఎందుకన్నారు? నేర్చుకునేవాడి తప్పు వాడికి కనిపించదు కనుక. గురువు చేసే పనుల్లో పెద్దది, ఆ తప్పును అప్పటికప్పుడు చూపించడం. అయితే తప్పును పట్టి చూపే సాధనాలు వేరే కూడా ఉన్నాయి. అవి మీ భౌతికశాస్త్ర పాఠాల్లోనే ఉన్నాయి. తీగ కంపనాలు, విస్పందనాలు, లోలకం, ప్రతినాదం అని పరీక్షల కోసం చదివి వదిలేసే విషయాలే గిటారు పట్టుకున్నవాడికి దారి చూపుతాయి. అదెలాగో సర్ఫ్ గిటారు అనే వాయింపు పద్ధతిని ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

సర్ఫ్ గిటారు అంటే?

తీరానికి వచ్చి విరిగి పడే అలను సర్ఫ్ అంటారు. పెద్ద అల లేచినప్పుడు పలక మీద నిలబడి, ఆ అలతోపాటు ఒడ్డుదాకా జారుతూ వచ్చే ఆట సర్ఫింగు. మన విశాఖపట్నం దగ్గర ఋషికొండ తీరంలోనూ ఈ ఆట ఆడేవారున్నారు. 1960 ప్రాంతంలో అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో ఈ ఆట ఆడే కుర్రకారు మధ్య ఒక కొత్త వాద్య సంగీతం పుట్టింది. అదే సర్ఫ్ గిటారు. ఇందులో మాటలు దాదాపు ఉండవు. ఎలక్ట్రిక్ గిటారే పాడుతుంది.

ఈ వాయింపుకు మూడు గుర్తులు. మొదటిది, ఒకే తీగను పైకీ కిందికీ ఎడతెరిపి లేకుండా మీటడం. రెండోది, నీళ్ళలో మునిగి తేలినట్టు తోచే ప్రతినాదం. మూడోది, గిటారుకున్న ఒక చిన్న మీటను నొక్కి స్వరాన్ని అలలా ఊగించడం.

ఈ పద్ధతికి ఆద్యుడుగా పేరు పొందినవాడు డిక్ డేల్. 1937లో బోస్టన్ నగరంలో పుట్టాడు. అసలు పేరు రిచర్డ్ మాన్సూర్. తండ్రిది లెబనాను దేశం నుంచి వచ్చిన కుటుంబం. ఆ ఇంటి పెద్దల్లో ఒకరు అరబ్బుల ఊద్ అనే తీగ వాద్యం వాయించేవారు. ఆయన దగ్గరే డేల్ తరబకి అనే డప్పు మీద లయ పట్టుకున్నాడు. గిటారును మాత్రం సొంతంగానే నేర్చుకున్నాడు. పైగా అతనిది ఎడమచేతి వాటం. కుడిచేతివారికి తీగలు బిగించిన గిటారునే తిరగేసి పట్టుకున్నాడు. దాంతో లావు తీగలు కిందికీ, సన్న తీగలు పైకీ వచ్చాయి. పుస్తకాల్లోని బొమ్మలేవీ అతని చేతికి పనికిరావు. తీగ ఏం పలుకుతోందో విని వేలు సర్దుకోవడం ఒక్కటే అతనికి మిగిలిన దారి. డప్పు మీద నేర్చిన వేగాన్ని అతడు గిటారు తీగ మీదికి తెచ్చాడు. 1962లో అతడు వాయించిన 'మిసర్లూ' అనే బాణీ ప్రపంచమంతా తిరిగింది. 2019లో అతడు కన్నుమూశాడు.

పాలకొల్లు పిల్లవాడు

ఇటువంటి సంగతే మన పాలకొల్లులోనూ జరిగింది. అక్కడ 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ళ వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్ చేతబట్టాడు. కొడుకు ఆసక్తి చూసి తండ్రి అతన్ని రుద్రరాజు సుబ్బరాజు గారి వద్ద చేర్పించారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాయకులు. కాని ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు! అందుచేత ఆయన పాడేవారు. ఆ పాటకు తగిన స్థానం తీగ మీద ఎక్కడుందో పిల్లవాడే వెతుక్కునేవాడు. సంగీతానికి గురువున్నారు గాని, వాద్యం మీద వేళ్ళు ఎలా నడవాలో చెప్పే గురువు లేరు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో అతని తొలి కచేరీ జరిగింది. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో 45 ఏళ్ళకే చెన్నైలో మరణించేనాటికి ఆయన పేరు మాండొలిన్ శ్రీనివాస్‌గా లోకమంతటికీ తెలుసు.

డేల్‌కు డప్పు దారి చూపింది. శ్రీనివాస్‌కు గురువుగారి గొంతు దారి చూపింది. కాని ఇద్దరూ తీగ మీద తమ దారి తామే వెతుక్కున్నారు. వెతుక్కోవడమంటే ఊరికే తడుముకోవడం కాదు. ఒకటి చేసి, విని, సరిపోల్చి, సరిదిద్దుకోవడం. సైన్సులో మనం ప్రయోగం అని పిలిచేది దీన్నే.

తీగకున్న మూడు నియమాలు

తీగను మీటితే అది సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో దాన్ని పౌనఃపున్యం అంటాం. పౌనఃపున్యం పెరిగితే స్వరం హెచ్చుతుంది. ఇది మూడు విషయాల మీద ఆధారపడుతుంది.

తీగ పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. అంటే కింది షడ్జం పై షడ్జం అవుతుంది. ఇది మొదటి నియమం. తీగ బిగువు, అంటే తన్యత, నాలుగింతలైతే పౌనఃపున్యం రెండింతలవుతుంది. ఇది రెండోది. తీగ లావై, మీటరు పొడవుకు ఉండే బరువు నాలుగింతలైతే పౌనఃపున్యం సగమవుతుంది. ఇది మూడోది. గెలీలియో పేరు మీకు తెలుసు. ఆయన తండ్రి విన్సెంజో గెలీలీ లూట్ అనే తీగ వాద్యం వాయించేవాడు. తీగలకు బరువులు వేలాడదీసి, తన్యతకూ స్వరానికీ ఉన్న ఈ సంబంధాన్ని పరిశీలించినవాడు ఆయనే.

గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలను మన వీణ లెక్కలోనే మెట్లు అందాం. మన తెలంగాణ పల్లెల్లో పన్నెండు మెట్ల కిన్నెర ఉంది కదా, ఆ మెట్ల వంటివే ఇవీను. మెట్టు వెనక వేలితో నొక్కితే తీగ పొడవు తగ్గి స్వరం హెచ్చుతుంది. మెట్లను ఇష్టమొచ్చినట్టు అమర్చరు. ఒక్కొక్క మెట్టుకూ మిగిలిన తీగ పొడవులో సుమారు 18వ వంతు తగ్గిస్తూ పోతారు. 1581లో విన్సెంజో గెలీలీ తన పుస్తకంలో చెప్పిన లెక్క ఇది. ఇప్పుడు ఇంకా ఖచ్చితంగా 17.8వ వంతు తీసుకుంటారు. ఇలా పన్నెండుసార్లు తగ్గిస్తే తీగ సరిగ్గా సగానికి వస్తుంది. గిటారులో పన్నెండో మెట్టు తీగకు నట్టనడుమ ఉండడానికి కారణం ఇదే.

ఒంటితీగ పలక చేసి చూడండి

గిటారు లేనివారు బాధపడనక్కరలేదు. ఒక మీటరు పొడవున్న గట్టి చెక్కపలక తీసుకోండి. దాని మీద రెండు పెన్సిలు ముక్కలను సరిగ్గా 60 సెంటీమీటర్ల దూరంలో అడ్డంగా అంటించండి. గిటారుకు వాడే అన్నిటికన్నా సన్నని ఉక్కు తీగ ఒకటి సంగీత వాద్యాల కొట్లో కొనండి. ఒక కొసను మేకుకు బిగించి, రెండో కొసను పలక అంచు మీదుగా కిందికి వేలాడదీసి, లీటరు నీళ్ళున్న సీసా కట్టండి. లీటరు నీళ్ళు ఒక కిలో. మీటి స్వరం గుర్తుపెట్టుకోండి. తరవాత మొత్తం నాలుగు కిలోలు కట్టి మీటండి. స్వరం ఇంచుమించు పై షడ్జానికి చేరుతుంది. రెండో నియమం మీ చెవికే తెలిసింది! బరువు నేలకు బెత్తెడు ఎత్తులోనే ఉండేట్టు చూసుకోండి. తీగ తెగితే చిమ్ముతుంది కనుక ముఖాన్ని తీగకు దూరంగా ఉంచండి. నాలుగు కిలోలకు మించి కట్టవద్దు.

ఇప్పుడు మెట్లు పెడదాం. పెన్సిలు ముక్క దగ్గర నుంచి కొలిచి ఈ దూరాల్లో చీపురు పుల్లలు అడ్డంగా అంటించండి.

రి (శుద్ధ రిషభం, గిటారులో 1వ మెట్టు): 3.4 సెం.మీ.
గ (అంతర గాంధారం, 4వ మెట్టు): 12.4 సెం.మీ.
మ (శుద్ధ మధ్యమం, 5వ మెట్టు): 15 సెం.మీ.
ప (పంచమం, 7వ మెట్టు): 20 సెం.మీ.
ద (శుద్ధ ధైవతం, 8వ మెట్టు): 22.2 సెం.మీ.
ని (కాకలి నిషాదం, 11వ మెట్టు): 28.2 సెం.మీ.
పై స (12వ మెట్టు): 30 సెం.మీ.

నొక్కని తీగ షడ్జం. ఈ స్వరాలను వరుసగా మీటితే ఏమొచ్చింది? సంగీతం నేర్చుకునే పిల్లలు మీ తరగతిలో ఉంటే అడగండి, వెంటనే చెబుతారు. అది మాయామాళవగౌళ. కర్ణాటక సంగీతంలో సరళీ వరుసలు మొదలుపెట్టేది ఈ రాగంలోనే. విచిత్రం ఏమిటంటే, డిక్ డేల్ వాయించిన 'మిసర్లూ' కూడా ప్రధానంగా ఈ స్వరాల వరుస మీదే నడుస్తుంది. అది తూర్పు మధ్యధరా ప్రాంతపు పాత బాణీ. మిసర్లూ అంటే ఈజిప్టు అమ్మాయి అని అర్థం. "ఒక్క తీగ మీద పాట మొత్తం వాయించగలవా?" అని ఒక కుర్రవాడు తనను అడిగాడనీ, చిన్నప్పుడు ఇంట్లో ఊద్ మీద విన్న ఈ బాణీ అప్పుడు గుర్తొచ్చిందనీ డేల్ చెబుతుండేవాడు. మీ ఒంటితీగ పలక మీద సరళీ వరుసలు వచ్చాయంటే, ఆ బాణీకి కావలసిన మెట్లు మీ వేళ్ళకు తెలిసిపోయినట్టే.

శ్రుతి తప్పితే ఎలా తెలుస్తుంది?

గిటారుకు ఆరు తీగలు. లావు తీగ నుంచి సన్న తీగ దాకా వాటి పౌనఃపున్యాలు సెకనుకు సుమారు 82, 110, 147, 196, 247, 330. ఆరో తీగను, అంటే లావు తీగను, అయిదో మెట్టు దగ్గర నొక్కితే 110 వస్తుంది. పక్కనున్న అయిదో తీగ నొక్కకుండానే 110 పలకాలి. రెంటినీ ఒకేసారి మీటండి. అయిదో తీగ 112 దగ్గర ఉందనుకోండి. అప్పుడు ధ్వని "వావ్... వావ్..." అంటూ సెకనుకు రెండుసార్లు హెచ్చి తగ్గుతుంది. వీటినే విస్పందనాలు అంటాం. రెండు పౌనఃపున్యాల భేదం ఎంతో, సెకనుకు అన్ని విస్పందనాలు. బిరడాను నెమ్మదిగా తిప్పుతూ పోతే ఆ ఊపు మందగించి, చివరికి ఆగిపోతుంది. ఆగిన చోటే శ్రుతి కలిసిన చోటు. మిగిలిన తీగలనూ ఇలాగే కలపాలి. మూడో తీగను మాత్రం నాలుగో మెట్టు దగ్గర నొక్కి రెండో తీగను దానితో కలపాలి. ఫోనులో శ్రుతి చూపే ఉపాయాలు ఇప్పుడున్నాయి, వాడుకోండి. కాని విస్పందనాలను చెవితో పట్టడం అలవాటైతే ఫోను లేనిచోట కూడా మీ పని ఆగదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా బడిలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు తన గిటారు తెచ్చి, "సార్, ఆరు నెలలుగా వాయిస్తున్నాను, ఎంతకీ బాగుండటం లేదు. నా చెవికి సంగీతం లేనట్టుంది. మానేస్తాను" అన్నాడు. తీగను పన్నెండో మెట్టు మీద వేలితో నొక్కకుండా ఊరికే తాకించి మీటమన్నాను. అలా చేస్తే తీగ నడుమ అస్పందన బిందువు ఏర్పడి, తీగ రెండు సమభాగాలుగా కంపిస్తుంది. సరిగ్గా పై షడ్జం పలుకుతుంది. తరవాత అదే మెట్టు దగ్గర గట్టిగా నొక్కి మీటమన్నాను. రెండు స్వరాలూ ఒకటిగా ఉండాలి. కాని నొక్కిన స్వరం స్పష్టంగా హెచ్చుగా ఉంది. ఆ తేడాను మొదట గుర్తుపట్టింది ఎవరనుకున్నారు? ఆ అబ్బాయే! సంగీతం లేని చెవి అది ఎలా పడుతుంది?

లోపం గిటారులో ఉంది. తీగలు మెట్లకు మరీ ఎత్తుగా ఉన్నాయి. అంత దూరం నొక్కేసరికి తీగ సాగి తన్యత పెరుగుతోంది, స్వరం హెచ్చుతోంది. తుప్పు పట్టిన పాత తీగలు దానికి తోడయ్యాయి. కొత్త తీగలు వేసి, తీగలను మోసే ప్లాస్టిక్ పట్టీని వడ్రంగి చేత కొంచెం అరగదీయించాం. ఖర్చు కొద్దిగానే అయింది. ఆ చిన్న పరీక్ష చేయకపోతే ఆ పిల్లవాడు జన్మంతా తనకు సంగీతం రాదనే నమ్మి ఉండేవాడు. సొంతంగా నేర్చుకునేవారికి ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. సాధనం చేసే తప్పును తమ తప్పుగా లెక్కవేసుకుంటారు. ముందు సాధనాన్ని పరీక్షించండి, తరవాత మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి.

వేగానికి లోలకం

ఇప్పుడు సర్ఫ్ గిటారు మొదటి గుర్తుకు వద్దాం. మీటిన తీగ ధ్వని త్వరగా తగ్గిపోతుంది. వేణువులా, వయొలిన్‌లా స్వరాన్ని నిలిపి ఉంచదు. అందుకని మీటిందే మళ్ళీ మళ్ళీ మీటుతారు. మాండొలిన్ వాద్యకారులు ఎంతోకాలంగా చేస్తున్న పని ఇది. విడివిడి ధ్వనులు పదో వంతు సెకను కన్నా దగ్గరగా వస్తే మన చెవి వాటిని వేరు చేసి వినడం కష్టమని మీరు చదువుకున్నారు. 'మిసర్లూ'లో డేల్ సెకనుకు పదికి పైగా మీటులు వేస్తాడు. అందుకే అవి విడి మీటుల్లా కాక, ఒక అల దొర్లుకొస్తున్నట్టు వినిపిస్తాయి.

ఆ వేగం చూసి మొదటి రోజే చెయ్యి విదిలించకండి. పిక్ అనే చిన్న ప్లాస్టిక్ బిళ్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ఒకటి కిందికి, ఒకటి పైకి, సమానంగా మీటాలి. కదలిక మణికట్టు నుంచి రావాలి. బిళ్ల తీగకు ఇరువైపులా కొద్ది మిల్లీమీటర్లకు మించి పోకూడదు. ఎందుకంటే ఎంత దూరం పోతే తిరిగి రావడానికి అంత కాలం పడుతుంది.

లయ తప్పుతున్నదీ లేనిదీ చెప్పడానికి లోలకం ఉంది. 25 సెంటీమీటర్ల దారానికి రాయి కట్టి ఊపండి. పోయి రావడానికి దానికి ఒక సెకను పడుతుంది. రాయి ఒకసారి పోయి వచ్చేలోగా సరిగ్గా నాలుగు మీటులు వేయండి. రెండు నిమిషాలు తడబడకుండా వచ్చాక దారాన్ని 14 సెంటీమీటర్లు చేయండి. ఇప్పుడు నిమిషానికి 80 ఊపులు. అదీ వచ్చాక 9 సెంటీమీటర్లు, నిమిషానికి 100 ఊపులు. లోలకం పొడవును కొలిచేటప్పుడు రాయి మధ్య వరకు కొలవాలని మరవకండి. లోలకం మిమ్మల్ని మెచ్చుకోదు, కోప్పడదు. మీటు ముందో వెనకో పడితే మాత్రం దాచదు. ఒక వేగం దగ్గర తడబడితే వెనక్కి వెళ్ళి పాత పొడవు దగ్గర మళ్ళీ సాధన చేయండి. చెయ్యి నొప్పి పెడితే ఆ పూటకు ఆపండి. నొప్పిని ఓర్చుకుని వాయిస్తే వేగం రాదు, బిగుసుకుపోవడం అలవాటవుతుంది.

తీగ కంపనం విద్యుత్తుగా

ఎలక్ట్రిక్ గిటారుకు బోలు పొట్ట అక్కరలేదు. తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అందులో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక వంటి సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటాయి. ఉక్కు తీగ అయస్కాంత క్షేత్రంలో కంపించినప్పుడు ఆ చుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారుతుంది. అది మారితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. నైలాన్ తీగ వేస్తే పికప్‌కు ఏమీ వినపడదు. ఎందుకో మీరే చెప్పండి.

ఇలా పుట్టిన వోల్టేజి చాలా తక్కువ. యాంప్లిఫయర్ దాన్ని పెంచి స్పీకరును కదిలిస్తుంది. శ్రీనివాస్ చేసిన మార్పు వెనక ఉన్నదీ ఈ సూత్రమే. మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. దాని ధ్వని చప్పున ఆరిపోతుంది. జంట తీగలను పక్కకు లాగి గమకం పలికించడమూ కష్టమే. ఆయన గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటల బదులు అయిదు ఒంటి తీగలు వేసుకున్నాడు. తీగను పక్కకు లాగితే తన్యత పెరిగి స్వరం జారుతూ హెచ్చుతుంది. సర్ఫ్ గిటారు మూడో గుర్తయిన మీట చేసే పనీ తన్యతను మార్చడమే. మీటను నొక్కితే తీగలన్నీ కొంచెం సడలి స్వరం తగ్గుతుంది. వదిలితే యథాస్థానానికి వస్తుంది. అదే సూత్రం మన గమకంలోనూ ఉంది, ఆ ఊగిసలాటలోనూ ఉంది.

స్ప్రింగులో దాగిన సముద్రం

ఇక నీటిలో మునిగినట్టుండే ఆ ధ్వని సంగతి. మా ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు కట్ట దగ్గర నిలబడి రాయి వేయండి. అల కట్టరాళ్ళకు తగిలి వెనక్కి వస్తుంది. వచ్చే అలా, పోయే అలా కలిసి నీరంతా చాలాసేపు కదులుతూనే ఉంటుంది. పెద్ద హాలులో చప్పట్లు కొట్టినా ఇంతే. గోడల నుంచి, కప్పు నుంచి ధ్వని అనేకసార్లు పరావర్తనం చెంది, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, కొంతసేపు నిలుస్తుంది. ఇదే ప్రతినాదం. గోల్కొండ కోట సింహద్వారం కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిస్సారులో వినిపించేట్టు కట్టినవారికీ ధ్వని పరావర్తనం సంగతి బాగా తెలుసు.

మరి చిన్న గదిలో పెద్ద హాలు ధ్వని ఎలా వస్తుంది? దీనికి ఉపాయం స్ప్రింగు. గిటారు నుంచి వచ్చిన విద్యుత్ సంకేతం ఒక స్ప్రింగు కొసను ఆడిస్తుంది. ఆ కదలిక స్ప్రింగు చుట్ల వెంట తిరిగి తిరిగి పోతుంది కనుక, జానెడో మూరెడో ఉన్న స్ప్రింగు అవతలి కొసకు చేరడానికే సెకనులో కొన్ని వందో వంతుల కాలం పడుతుంది. గాలిలో అంత ఆలస్యం కావాలంటే ధ్వని పది మీటర్లకు పైగా ప్రయాణం చేయాలి. కొసకు చేరిన అల వెనక్కి మళ్ళి మళ్ళీ వస్తుంది, మళ్ళీ పోతుంది. అవతలి కొసన ఉన్న చిన్న చుట్ట ఆ కదలికను తిరిగి విద్యుత్తుగా మార్చి యాంప్లిఫయర్‌కు ఇస్తుంది. హామండ్ ఆర్గన్లలో అప్పటికే వాడుతున్న ఈ స్ప్రింగులను పెట్టి, 1961లో ఫెండర్ కంపెనీ గిటారు కోసం ప్రతినాద పెట్టె తయారుచేసింది. సర్ఫ్ గిటారుకు సముద్రపు తడి ఆ పెట్టె నుంచే వచ్చింది.

ఇది కూడా చేసి చూడవచ్చు. మీ ప్రయోగశాలలో అనుదైర్ఘ్య తరంగాలు చూపించే పొడవైన వదులు స్ప్రింగు ఉంటుంది. దాని ఒక కొసను కాగితం కప్పు అడుగుకు తగిలించి, కప్పును పట్టుకుని స్ప్రింగును కిందికి వేలాడనివ్వండి. స్ప్రింగును పెన్సిలుతో టక్కున కొట్టండి. "టక్" అని కాక, "ప్యూ..." అని సినిమాల్లో కిరణాల తుపాకి పేలినట్టు వినిపిస్తుంది. కారణం, ఆ స్ప్రింగులో హెచ్చు పౌనఃపున్యాలు వేగంగా, తక్కువ పౌనఃపున్యాలు నెమ్మదిగా ప్రయాణించడం. ఒకే దెబ్బలో పుట్టిన ధ్వనులు ఒకదాని వెనక ఒకటి చేరుతాయి. ప్రతినాద పెట్టెలోని స్ప్రింగుకు ఉన్న ప్రత్యేకమైన రుచి ఇటువంటిదే.

నేర్చుకునేవారికి మాత్రం ఒక మాట. సాధన చేసేటప్పుడు ప్రతినాదం వాడకండి. అది మీటుల మధ్య ఖాళీలను పూడ్చి, తప్పులను కప్పేస్తుంది. తప్పు వినపడకపోతే దిద్దుకోవడం ఎలా? పొడిగా వాయించి సరిగా వచ్చిందనుకున్నాకే తడి చేర్చండి.

చెవులూ, కరెంటూ జాగ్రత్త

డేల్ చాలా పెద్ద ధ్వనితో వాయించేవాడు. లావైన తీగలు వేసి బలంగా మీటేవాడు. అతని ధాటికి యాంప్లిఫయర్లు ఎన్నో పాడైపోగా, ఫెండర్ కంపెనీ అతని కోసం మరింత శక్తిగల వాటిని తయారుచేయవలసి వచ్చింది. ఆ విషయంలో మాత్రం అతన్ని అనుకరించకండి. 85 డెసిబెల్ల ధ్వనిని రోజుకు ఎనిమిది గంటలకు మించి వింటే చెవికి హాని. ఆపైన ప్రతి 3 డెసిబెల్లకూ ఆ కాలం సగానికి సగం తగ్గుతుంది. అంటే 100 డెసిబెల్ల దగ్గర పావుగంటే. లోపలి చెవిలో ధ్వనిని పట్టే సన్నని కణాలు ఒకసారి నశిస్తే మనుషుల్లో తిరిగి పుట్టవు. చెవే మీ గురువు అనుకున్నాం కదా, ఆ గురువును కాపాడుకోండి. మరొకటి, యాంప్లిఫయర్ పెట్టెను ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఆవేశం నిలిచి ఉండవచ్చు.

ఒక నోటుపుస్తకం

సొంతంగా నేర్చుకునేవారికి కావలసిన చివరి సాధనం నోటుపుస్తకం. ప్రయోగశాల రికార్డు రాసినట్టే రాయండి. తేదీ, లోలకం దారం పొడవు, ఎన్ని నిమిషాలు తడబడకుండా వచ్చింది, ఏ మెట్టు దగ్గర వేలు తప్పింది. వారానికోసారి ఫోనులో మీ వాయింపును రికార్డు చేసి, మరునాడు వినండి. వాయించేటప్పుడు వినపడని తప్పులు మరునాడు చక్కగా వినిపిస్తాయి. నెల తిరిగాక పాత పేజీ తీసి చూస్తే, ఎంత దూరం వచ్చారో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇదంతా గురువు వద్దని చెప్పడానికి కాదు. రేపు మంచి గురువు దొరికితే తప్పక వెళ్ళండి. రాగంలోని సొగసు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ తేలిపోవాలి అన్నది కొలతలు చెప్పలేవు. కాని గురువు దొరికే దాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. శ్రుతి కలపడం, లయ నిలపడం, సాధనాన్ని పరీక్షించడం తెలిసిన శిష్యుడంటే ఏ గురువుకైనా ముచ్చటే. కనుక ఆ పాత గిటారును గోడ మీంచి దించండి. దుమ్ము తుడిచి, పన్నెండో మెట్టు మీద తీగను మెల్లగా తాకి మీటండి. తరవాత నొక్కి మీటండి. రెండూ ఒకటిగా ఉన్నాయా? అదే మొదటి పాఠం.